సరసం మొదలయ్యే నిమిషం

సభల్లో ఉపన్యసించడం, రాయడం ఒక అమెరికన్ మహిళ వృత్తి. మాట మీద మంచి పట్టుంది. ఎవరేం అడిగినా తడుముకోకుండా జవాబిస్తుంది. ఇంటిపనిలో దిట్ట, భర్తతో సఖ్యంగానే ఉంటుంది. కానీ సభ ముగిశాక దాదాపు ప్రతిసారీ ఒకే తంతు. వేదిక దిగీ దిగగానే అక్కడున్న మగవాళ్లలో తండ్రిలాంటి వాళ్లను వెతుక్కుంటుంది. బాగా మాట్లాడావని వాళ్ల నోటితో అనిపించుకోవాలి. అది చాలదన్నట్టు ఓరచూపులు, కొంటె మాటలు. ఇంటికెళ్లాక రాత్రి నిద్ర పట్టదు, ఏదో కూడని పని చేసేశానేమోనని గుబులు. లండన్‌లో ప్రాక్టీసు చేసిన సైకోఅనలిస్టు జోన్ రివియేర్ 1929లో ప్రచురించిన వ్యాసంలో ఈమె గురించి ఉంది. సరసానికి మనకు తెలియకుండానే పనిచేసే అచేతన మనసులో వేళ్లెక్కడుంటాయో తెలుసుకోవాలంటే నేను ముందు చూపించేది ఈ కేసునే.

రివియేర్ గమనించిన చిన్న విషయం ఒకటుంది. ఆమె వెతుక్కునే పెద్దమనుషుల్లో చాలామంది ఆ ఉపన్యాసం మంచిచెడ్డలు చెప్పగలిగిన వాళ్లు కారు. నిజమైన మెప్పే కావాలంటే వాళ్ల దగ్గరికి వెళ్లనక్కర్లేదు. పోనీ ఆకర్షణ అనుకుందామా, అది ఉపన్యాసం ముగిసిన ఘడియనే పట్టుకుని ఎందుకు వస్తుంది? అందుకే రివియేర్ ఆ మగవాళ్ల సంగతి పక్కనపెట్టి, దానికి ముందు జరిగినదాన్ని చూశారు. ఆ మహిళ తండ్రి మొదట రచయిత, తర్వాత రాజకీయాల్లోకి వెళ్లినవాడు. రాయడం, మాట్లాడటం ఆయన విద్యలు. కూతురు వేదికెక్కి అదే విద్య చూపించిన ప్రతిసారీ, లోపల ఎక్కడో తండ్రి సొత్తు కాజేసినట్టే. దొంగతనం చేశాక భయం రాదా? దొంగ తన జేబులు తనే తిరగేసి, కావాలంటే వెతుక్కోండి, నా దగ్గరేమీ లేదని చూపించినట్టుగా ఆమె సరసం పనిచేస్తోందని రివియేర్ రాశారు. ‘నేను ఉత్త ఆడపిల్లను, నన్ను చూసి కోపం తెచ్చుకోకండి’ అని ఆ ఓరచూపు చెబుతోంది. కోరికలా కనిపించేది నిజానికి క్షమాభిక్ష అడగడం.

ఆ వ్యాసంలోనే ఇంకో రెండు ఉదాహరణలున్నాయి. ఇంట్లో పనులన్నీ తెలిసిన ఒకావిడ తాపీమేస్త్రీలాంటి పనివాళ్లతో మాట్లాడేటప్పుడు తనకేమీ తెలియనట్టు అమాయకంగా ముఖం పెడుతుంది. చెప్పాల్సినదాన్ని ఏదో ఊహించినట్టు చెబుతుంది. కష్టమైన సబ్జెక్టు బోధించే మరో అధ్యాపకురాలు విద్యార్థుల ముందు మామూలుగానే ఉంటుంది. సాటి అధ్యాపకుల ముందు ఉపన్యాసమంటే మాత్రం ప్రత్యేకంగా ముస్తాబై వస్తుంది, మధ్యలో చిలిపిగా జోకులేస్తుంది. వందేళ్లు కావస్తున్నా ఈ ముగ్గురూ మన ఆఫీసుల్లో కనబడతారు. ప్రెజెంటేషన్ అదరగొట్టి, వెంటనే మేనేజర్ దగ్గర గారాలు పోయే ఇంజనీరు మగవాడైనా కావచ్చు.

రివియేర్ వివరణలో, మనోవిశ్లేషణను మొదలుపెట్టిన ఫ్రాయిడ్ కాలపు, శరీరభాగాల చుట్టూ తిరిగే భాష చాలా ఉంది. దాన్నంతా నెత్తిన పెట్టుకోవాల్సిన పని లేదు. పైగా ఆమె రోగి భయమంతా ఊహ కూడా కాదు. బ్రిటన్‌లో ఆడవాళ్లకు మగవాళ్లతో సమానంగా ఓటు వచ్చింది 1928లో, అంటే ఆ వ్యాసానికి ఒక్క ఏడాది ముందు. వేదికెక్కిన ఆడదాని మీద కోపగించే మగవాళ్లు బయట నిజంగానే ఉన్నారు. సిద్ధాంతం పాతబడింది గానీ పద్ధతి పాతబడలేదు. సరసం ఎవరితో అని చూసేలోపు, అది ఏ నిమిషంలో మొదలైంది, ఆ నిమిషానికి ముందు ఏం జరిగింది అని చూడటమే ఆ పద్ధతి. సైకోడైనమిక్ థెరపీలో, అంటే తెలియకుండా మనల్ని నడిపించే పాత భావాలను మాటల్లో వెతికే చికిత్సలో, ఈ విషయం మీద జరిగే పనికి ఇది మూలం.

మన భాషలో ఈ వ్యవహారానికి మాటలకేం కొదవలేదు. సరసమాడటం, లైన్ వేయడం, బిస్కెట్లు వేయడం, ఈ మధ్య కుర్రాళ్ల మాటల్లో పులిహోర కలపడం. ఇవన్నీ ఎవరు ఎవరిమీద ప్రయోగిస్తున్నారో చెబుతాయి. ఎప్పుడన్నది చెప్పవు. అందుకే ‘ఎందుకలా చేస్తున్నావు’ అని అడిగితే ‘ఊరికే, సరదాకి’ అంటారు. అది అబద్ధం కాదు. 2004లో డేవిడ్ హెన్నింగ్‌సన్ అనే పరిశోధకుడు ఫ్లర్టింగ్ ఉద్దేశాలను ఆరుగా విడదీశారు: శృంగారం, బంధాన్ని దగ్గర చేసుకోవడం, అవతలివాళ్లకు ఆసక్తి ఉందో లేదో తెలుసుకోవడం, సరదా, తనమీద తనకు గౌరవం పెంచుకోవడం, పని చేయించుకోవడం. ఇవి మనిషికి తెలిసిన కారణాలు, అడిగితే చెప్పగలిగినవి. అచేతనం అనగానే లోపల ఒక బూతు కోరిక దాక్కుని ఉందని చాలామంది అనుకుంటారు. నిజానికి కోరిక చాలాసార్లు పైకే తెలిసి ఉంటుంది. తెలియనిది లంకె. పది నిమిషాల కిందటి భయానికీ, ఇప్పుడు పెదవి మీదికి వచ్చిన నవ్వుకూ మధ్య ఉన్న ముడి కనబడదు. థెరపీలో విప్పేది ఆ ముడినే.

ముడులన్నీ రివియేర్ రోగిది లాంటివి కావు. ఫ్రెంచ్ అనలిస్టు ఆంద్రే గ్రీన్ 1980లో ఒక రకం బాల్యాన్ని వర్ణించారు. తల్లి బతికే ఉంటుంది, ఇంట్లోనే ఉంటుంది. కానీ ఏదో దుఃఖంలో మునిగిపోయి, బిడ్డ ముఖం చూసినా ఆమె కళ్లు వెలగవు. కారణం తెలియని బిడ్డ ఆ ముఖాన్ని వెలిగించే పనిని తన నెత్తిన వేసుకుంటాడు. ఇలా పెరిగినవాళ్లలో కొందరి సరసం ఒక ప్రత్యేకమైన దారి పడుతుంది. పార్టీలో నవ్వుతూ తిరుగుతున్నవాళ్లు వీళ్లకు పట్టరు. మూలన ముఖం వేలాడేసుకుని కూర్చున్న మనిషి దగ్గరికే వెళ్తారు. ఆ మనిషి పక్కున నవ్విందా, పని అయిపోయింది. ఫోన్ నంబరు కూడా అడక్కుండా వెళ్లిపోతారు. అవతలి మనిషికి మాత్రం తల తిరిగిపోతుంది, ఇంతసేపు తనకోసమే అన్నట్టున్నవాడు ఇప్పుడేమయ్యాడని. మోసం అని తిట్టుకుంటారు. తిట్టేవాళ్ల బాధలో న్యాయముంది. కానీ అతను అమ్మను నవ్వించడానికి వచ్చాడు, అమ్మ నవ్వింది, వెళ్లాడు.

ఔనన్న క్షణంలో చల్లబడిపోయేవాళ్లు మరో రకం. సామాజికవేత్త గేయార్గ్ జిమ్మెల్ 1909లోనే ఔనుకూ కాదుకూ మధ్య ఊగడమే సరసపు ప్రాణమని విశ్లేషించాడు. ఆ ఊగిసలాట ఒక ఆట. ఆటగా ఉన్నంతవరకు అందులో జబ్బేమీ లేదు, అందం కూడా ఉంది. కానీ కొందరికి ఊగడం ఇష్టం కాదు, ఆగడమంటే భయం. ప్రేమించిన చోట కోరిక పుట్టదు, కోరిక పుట్టిన చోట ప్రేమించలేరు అని ఫ్రాయిడ్ 1912లో రాసింది ఇలాంటి మగవాళ్ల గురించే. పెళ్లయినవాళ్లతోనో, వేరే దేశంలో ఉన్నవాళ్లతోనో, తమను పట్టించుకోనివాళ్లతోనో వీళ్ల సరసం జోరుగా సాగుతుంది. అందుబాటులో ఉన్న మనిషి ‘నాకూ ఇష్టమే’ అనగానే ఎక్కడలేని లోపాలూ కనబడతాయి, ఆమె పళ్లు, ఆమె నవ్వు, ఆమె ఇంగ్లీషు. వీళ్ల విషయంలో చూడాల్సిన నిమిషం సరసం మొదలైనది కాదు, ఆరిపోయినది.

ఇంకొకటి చెప్పేటప్పుడు జాగ్రత్త కావాలి. హంగేరియన్ అనలిస్టు షాండోర్ ఫెరెంజి 1932లో జర్మనీలోని వీస్‌బాడెన్‌లో జరిగిన మనోవిశ్లేషణ మహాసభలో చదివిన పత్రంలో రెండు భాషల గందరగోళం గురించి చెప్పారు. పిల్లలది లాలన భాష. ముద్దు చేయమంటారు, అమ్మానాన్నల ఆటలాడతారు. దానికి పెద్దవాడు కామం భాషలో జవాబిస్తే, ఆ బిడ్డకు తర్వాత ఈ రెండు భాషలూ కలగలిసిపోతాయి. లాలన కావలసినప్పుడల్లా శరీరంతో అడగడం ఒక్కటే తెలిసిన దారి అవుతుంది. పెద్దయ్యాక వాళ్ల ప్రవర్తన చూసి ‘ఆ పిల్ల మొదటినుంచీ అంతే’ అని ఊరు అంటుంది. కాదు. తప్పు ఎప్పుడూ ఆ పెద్దవాడిదే. థెరపిస్టు ఇది ఒక్క క్షణం మరిచినా చికిత్స మరో దెబ్బ అవుతుంది.

అలాగే, సరసంలా కనిపించేదంతా సరసం కాదు. బాస్ వెకిలి జోకు వేసినప్పుడు ఉద్యోగం కాపాడుకోవడానికి నవ్వే అమ్మాయిలో అచేతన మూలాలు వెతకడం అన్యాయం. అక్కడ భయం బయట ఉంది. దానికి పనిచోట లైంగిక వేధింపుల మీద 2013 చట్టం ఉంది, పదిమంది లేక అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండి తీరాలి. లోపలి భయమా, బయటి భయమా అని తేల్చుకోకుండా వ్యాఖ్యానం మొదలుపెట్టే థెరపిస్టు దగ్గర నుంచి లేచి వచ్చేయడం మంచిది.

మందులతో, మెదడుతో ముడిపడినవి కూడా ముందే వేరు చేయాలి. నాలుగైదు రోజులుగా నిద్ర మూడు గంటలకు తగ్గినా అలసట లేకుండా, గడగడా మాట్లాడుతూ, డబ్బు విచ్చలవిడిగా ఖర్చుపెడుతూ, ఎన్నడూ లేనిది కనబడిన ప్రతివాళ్లతో సరసమాడుతుంటే అది మానియా కావచ్చు. వెళ్లాల్సింది సైకియాట్రిస్టు దగ్గరికి. పార్కిన్సన్స్‌కు వాడే ప్రామిపెక్సోల్, రోపినిరోల్ లాంటి మందులు కొందరిలో కామపరమైన హద్దులు చెరిపేస్తాయి, జూదం, కొనుగోళ్ల పిచ్చి కూడా తెస్తాయి. మందు సొంతంగా ఆపకూడదు, రాసిన డాక్టరుకు వెంటనే చెప్పాలి. జీవితమంతా హుందాగా ఉన్న పెద్దాయన ఇప్పుడు కొత్తగా పనిమనిషితోనో, కోడలి స్నేహితురాళ్లతోనో వెకిలిగా ప్రవర్తిస్తుంటే ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియా (ప్రవర్తనను మార్చేసే మెదడు జబ్బు) ఉందేమో న్యూరాలజిస్టు చూడాలి. ఇలాంటి ఇళ్లలో ‘ముసలితనంలో బుద్ధి గడ్డి తింది’ అని ఆయన్ను వెలివేసి నెలలు పోగొట్టుకుంటారు. పాత అలవాటు థెరపీకి, కొత్త మార్పు ముందు డాక్టరుకి అని గుర్తుపెట్టుకుంటే చాలు.

ఇక అసలు పని. సైకోడైనమిక్ థెరపీ మామూలుగా వారానికి ఒకటి రెండుసార్లు, ఒక్కోసారి 45 నుంచి 50 నిమిషాలు. పరిమిత కాలపు పద్ధతుల్లో 16 నుంచి 24 సెషన్లు సర్వసాధారణం, ఏళ్ల తరబడి సాగేవీ ఉన్నాయి. వారం, వేళ, కుర్చీ మారకుండా ఉండటం ఇక్కడ మొండితనం కాదు. అన్నీ స్థిరంగా ఉంటేనే ఏది కదిలిందో కనబడుతుంది. మంగళవారం ఆరింటికి ఎప్పుడూ మామూలు చొక్కాతో వచ్చే మనిషి ఒకరోజు సెంటు కొట్టుకొచ్చాడంటే అది సమాచారం.

మొదటి కొన్ని సెషన్లలో థెరపిస్టు సంఘటనలు సేకరిస్తారు. అమెరికన్ పరిశోధకుడు లెస్టర్ లుబోర్‌స్కీ 1970లలో తయారుచేసిన పద్ధతి నాకు అన్నిటికంటే ఉపయోగకరంగా అనిపిస్తుంది. ఇతరులతో జరిగిన పది సంఘటనలు తీసుకుని, ప్రతిదానిలో మూడే చూస్తారు: ఆ మనిషి ఏం కోరుకున్నాడు, అవతలివాళ్లు ఏం చేశారు (లేదా ఏం చేస్తారని అనుకున్నాడు), దానికి తనలో ఏం జరిగింది. పదిలో ఎక్కువసార్లు తిరిగొచ్చే మూడింటినీ కలిపితే ఒక వాక్యం వస్తుంది. ఉదాహరణకు: ‘నన్ను పట్టించుకోవాలి, కానీ వాళ్లు వెళ్లిపోతారు, కాబట్టి వెళ్లేలోపు నేను వాళ్లను మురిపిస్తాను.’ సంఘటనలు క్లుప్తంగా ఉంటే ఇది రాదు. ‘ఆఫీసులో ఒకమ్మాయితో కాస్త క్లోజయ్యాను’ అన్నది సంఘటన కాదు. ఎన్నింటికి, ఎక్కడ, ఎవరు ముందు మాట్లాడారు, ఏ మాట అన్నారు, ఆమె ముఖం ఎలా ఉంది, అంతకు ముందు గంటలో మీరేం చేస్తున్నారు అన్నంత దగ్గరగా కావాలి.

ఇంట్లో చేసుకోదలిస్తే రెండు వారాలు ఒక పుస్తకంలో రాసుకోండి. సరసమాడిన ప్రతిసారీ నాలుగు గడులు చాలు: సమయం, అంతకు ముందు గంటలో జరిగినది, ఆ క్షణంలో ఒంట్లో ఏమనిపించింది, గంట తర్వాత ఎలా ఉంది. ఏం మాటలన్నారో రాయకండి. మాటలు రాస్తే మళ్లీ ఆ మనిషి గురించే ఆలోచన మొదలవుతుంది, వాట్సాప్ చాట్ మళ్లీ చదువుతూ కూర్చుంటారు. చాలామంది రెండో గడి దగ్గర ఆగిపోతారు, ముందు ఏమీ జరగలేదంటారు. అమ్మతో ఫోన్, అప్రైజల్ మెయిల్, భార్య మాట్లాడకుండా అన్నం వడ్డించడం, ఇలాంటివన్నీ ‘ఏమీ’ కిందే జమకడతారు. వాటినే రాయాలి.

ఈ సంఘటనలను బ్రిటిష్ థెరపిస్టు డేవిడ్ మలాన్ 1979 పుస్తకంలో ఒకచోట చేర్చిన రెండు త్రికోణాల్లో పెడతారు. ఒక త్రికోణంలో దాచిన భావం, అది బయటపడుతుందేమోనన్న ఆందోళన, ఆందోళనను కప్పే రక్షణ. సరసం ఉండేది ఈ మూడో మూలలో. రెండో త్రికోణంలో గతంలోని మనుషులు, ఇప్పటి మనుషులు, థెరపిస్టు. ఒకే నమూనా ఈ మూడు చోట్లా కనబడితే, అప్పుడు అది ఊహ కాదని ఇద్దరికీ నమ్మకం కుదురుతుంది. థెరపిస్టుతోనూ సరసం మొదలవడం చికిత్స చెడిపోయిందనడానికి గుర్తు కాదు. సరిగ్గా ఆ పని కోసమే ఆ గది ఉన్నది.

దగ్గరగా చూద్దాం. ఇది వివరించడానికి కల్పించిన సన్నివేశం. ముప్పై నాలుగేళ్ల మనిషి, జగిత్యాల వైపు వాడు, హైదరాబాద్‌లో ఉద్యోగం. తొమ్మిదో సెషన్. ముప్పయ్యో నిమిషంలో థెరపిస్టు తను వచ్చే రెండు వారాలు ఉండనని చెప్పింది. ‘ఓకే మేడమ్, నో ప్రాబ్లమ్’ అన్నాడు. అక్కడినుంచి అతని మాటల్లో హుషారు పెరిగింది. మేనేజర్‌ను అనుకరించి చూపించాడు, ఆవిడకు నవ్వొచ్చింది. నలభై ఆరో నిమిషంలో బ్యాగు సర్దుకుంటూ:

‘మేడమ్, మీరు నవ్వితే ఈ రూముకి ట్యూబ్‌లైట్ దండగ.’

ఇక్కడ తప్పు చేయడానికి మూడు దారులున్నాయి. ఆవిడ నవ్వి ‘థ్యాంక్యూ’ అంటే సమాచారం పోయింది, పైగా అతని తంతు మరోసారి ఫలించింది. ముఖం బిగించి ‘ఇలాంటివి ఇక్కడ మాట్లాడకూడదు’ అంటే అతను సిగ్గుతో కుంచించుకుపోతాడు, రెండు వారాల తర్వాత రాకపోవచ్చు. మూడోది కొత్తగా చదువుకున్నవాళ్లు చేసేది: ‘మీరు నాలో మీ అమ్మను చూస్తున్నారు’ అనేయడం. అది నిజమే అయినా అప్పటికి అతని దగ్గర ఆ మాటకు పునాది లేదు. ముందు పైపొర, తర్వాత లోపలిది, ముందు రక్షణ, తర్వాత అది కప్పిన భావం అని అనలిస్టు ఒట్టో ఫెనికెల్ 1941లోనే క్రమం చెప్పారు. ఆ క్రమం ఇప్పటికీ చెల్లుతుంది.

ఆవిడ అన్నది ఇది: ‘ఇందాక నేను ఊళ్లో ఉండనని చెప్పాను. అప్పటినుంచి మీరు నన్ను నవ్విస్తున్నారు. ఆ మాట విన్నప్పుడు ఏమనిపించింది?’

‘ఏముంది మేడమ్, రెండు వారాలే కదా.’

ఆవిడ ఏమీ అనలేదు. అతను బ్యాగు జిప్పు సగం వేసి ఆగాడు.

‘మా బాపు దుబాయ్ పోయేటప్పుడు గూడ గంతే అనేటోడు. రెండేండ్లే కదరా అని. అమ్మ ఏడుస్తుండె. నేను బస్సు కదిలేదాకా కోతి లెక్క ఎగురుడే, ఆమె నవ్వాలని.’

అంతే, ఆ రోజుకు చాలు. వ్యాఖ్యానం అక్కర్లేదు. గమనించండి, ఆవిడ అతను అన్న పొగడ్తను ఎత్తనే లేదు. సమయాన్ని మాత్రం ఎత్తి చూపింది. రెండు చిన్న వాక్యాల్లో, ఆరోపణ లేకుండా, అతను ఖండించలేని రెండు నిజాలు పక్కపక్కన పెట్టింది. సెలవు మాట, నవ్వించడం. ముడి అతనే విప్పుకున్నాడు. ‘మేడమ్’ భాష పోయి ఇంటి భాష వచ్చింది చూశారా, అదీ ఒక గుర్తే. అనలిస్టు రాల్ఫ్ గ్రీన్సన్ 1950లో రాసిన ఒక ఆస్ట్రియన్ రోగి, జర్మన్ మాట్లాడితే తను భయపడ్డ మురికిపిల్లననీ, ఇంగ్లీషులో నాగరికమైన స్త్రీననీ చెప్పింది. డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న తెలుగువాళ్లు ఇంగ్లీషులో తేలిగ్గా సరసమాడి, ఏడుపొస్తే తెలుగులోకి మారడం ఇలాంటిదే. ఇంగ్లీషు థెరపిస్టు దగ్గరికి వెళ్తున్నవాళ్లు ఆ తెలుగు వాక్యాన్ని ముందు తెలుగులోనే పైకి అని, తర్వాత అర్థం చెప్పడం మేలు. నేరుగా ఇంగ్లీషులోకి దింపితే భావం దారిలోనే చల్లారుతుంది.

మన దగ్గర మరొకటి ఉంది. మనకు సరసం వరసను బట్టి నడుస్తుంది. బావా మరదళ్ల మధ్య ఎకసెక్కాలు అందరి ముందే సాగుతాయి, పెద్దవాళ్లు కూడా నవ్వుతారు. అన్న వరసైతే అదే మాట పాపం. ముక్కూముఖం తెలియని మనిషితోనైనా ముందు వరస కలపడం మనకు అలవాటు. అందుకే తెలుగు రోగి మూడో సెషన్‌కో నాలుగో సెషన్‌కో థెరపిస్టును ‘అన్నా’ అనో ‘అక్కా’ అనో పిలవడం మొదలుపెట్టినప్పుడు దాన్ని వట్టి మర్యాద అనుకుని వదిలేయకూడదు. ఆకర్షణ మొదలైనప్పుడు దాని నోరు నొక్కడానికి వరస కంటే చవకైన తాళం లేదు. కాలేజీల్లో ఇష్టపడ్డవాడికి రాఖీ కట్టేసే అమ్మాయిలు చేసేది ఇదే. పిలుపును సరిదిద్దనక్కర్లేదు. ‘ఇన్నాళ్లూ సార్ అన్నారు, ఇవాళ అన్నా అన్నారు’ అని మెల్లగా గుర్తుచేస్తే చాలు, ఆ వారం ఏం మారిందో బయటికొస్తుంది. మేనరికాలు తగ్గి, బావలు లేకుండా పెరిగిన తరానికి హద్దు తెలిసిన సరసం నేర్చుకునే చోటు పోయిందని కూడా నాకనిపిస్తుంది. హద్దు ఎక్కడుందో ఎవరూ చూపించకపోతే, ఆటకూ గాయానికీ తేడా ఎదుటివాళ్లను నొప్పించి తెలుసుకోవాల్సి వస్తోంది.

థెరపిస్టు మీద నిజంగానే ప్రేమ పుట్టిందనుకుందాం. 1915లో ఫ్రాయిడ్ దీని మీద రాసిన వ్యాసం ఇప్పటికీ చదవదగ్గది. రోగి ప్రేమను తీర్చనూ కూడదు, అణిచేయమనీ చెప్పకూడదు అన్నాడాయన. అణిచేయమనడం, మంత్రాలు చదివి పాతాళం నుంచి భూతాన్ని పిలిచి, ఒక్క ప్రశ్నయినా అడక్కుండా వెనక్కి పంపడం లాంటిదట. అదే వ్యాసంలో నిజాయితీగా ఇంకో మాట ఒప్పుకున్నాడు. ఈ ప్రేమ పాతవాటి పునరావృతమే కానీ, మామూలు ప్రేమలు కూడా అంతే, తేడా మోతాదులోనే. అందుకని ‘ఇది ట్రాన్స్‌ఫరెన్స్ మాత్రమే’ అని, అంటే పాత మనుషుల మీది భావాలు తన మీదికి మళ్లాయంతేనని, థెరపిస్టు తేల్చేస్తే రోగికి అవమానంగా అనిపించడం సహజం. రోగి చేయాల్సింది ఒక్కటే, చెప్పడం. సెషన్ చివర తలుపు దగ్గర కాకుండా, మొదటి పదిహేను నిమిషాల్లో. ‘మీ గురించి సెషన్ల మధ్య చాలా ఆలోచిస్తున్నాను, ఇది చెప్పడానికి సిగ్గుగా ఉంది’ అన్నంత సాదాగా చెబితే సరిపోతుంది. సిగ్గు గురించి కూడా చెప్పడం వల్ల థెరపిస్టు ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.

థెరపిస్టు వైపు తప్పు జరిగితే నష్టం చాలా పెద్దది, ఇది ఎంత చెప్పినా తక్కువే. 1904లో జ్యూరిక్ బుర్గ్‌హోల్జ్లీ ఆసుపత్రిలో చేరిన సబీనా ష్పీల్‌రైన్‌తో ఆమె డాక్టరు కార్ల్ యుంగ్ సంబంధం హద్దు దాటింది. 1909లో ఆమె ఫ్రాయిడ్‌కు లేఖ రాసే దాకా వచ్చింది. కౌంటర్ ట్రాన్స్‌ఫరెన్స్ (రోగి పట్ల థెరపిస్టులో లేచే భావాలు) అనే మాట ఫ్రాయిడ్ మొదట వాడింది ఆ ఏడాది యుంగ్‌కు రాసిన ఉత్తరంలోనే. అంటే ఆ భావన ఒక గాయం నుంచి పుట్టింది. హద్దులు ఒక్కరోజులో తెగవని సైకియాట్రిస్టులు గుథైల్, గాబార్డ్ 1993లో వివరంగా రాశారు. మొదట సమయం సాగుతుంది, యాభై నిమిషాలు అరవై అవుతాయి. ఆ రోగిని రోజులో చివరి స్లాటుకు మారుస్తారు. ఫీజు తగ్గుతుంది లేదా ఆగిపోతుంది. రాత్రి పదకొండింటికి మెసేజికి జవాబొస్తుంది. థెరపిస్టు తన ఇంటి కష్టాలు చెప్పుకోవడం మొదలవుతుంది. ఆ రోగి వచ్చే రోజు ప్రత్యేకంగా తయారవడం, ఆ కేసు ఒక్కటీ సూపర్‌విజన్‌లో (సీనియర్‌తో కేసులు చర్చించే చోట) చెప్పకుండా దాటేయడం, ఈ రెండూ థెరపిస్టుకు మాత్రమే తెలిసే గుర్తులు. రెండోది వచ్చిందంటే ఆ వారమే సీనియర్ దగ్గర కూర్చుని చెప్పాలి. రోగిగా మీరు మొదటి ఐదింటిలో ఏ రెండు గమనించినా నేరుగా అడగండి. తాకినా, బయట కలుద్దామన్నా, ‘మనది ప్రత్యేకమైన బంధం’ అన్నా, అడగడాలు లేవు, మానేయండి, ఫిర్యాదు చేయండి. రోగి ఒప్పుకున్నా, రోగే మొదలుపెట్టినా బాధ్యత థెరపిస్టుదే. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ నియమావళి చికిత్స ముగిశాక కూడా కనీసం రెండేళ్లు లైంగిక సంబంధాన్ని నిషేధిస్తుంది, ఆ తర్వాత కూడా చాలా అరుదైన పరిస్థితుల్లో తప్ప కుదరదంటుంది. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టుకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉంటుంది, ఆ నంబరు అడగడం అమర్యాద కాదు. ఇవేవీ మోయలేనంతగా మనసు కలతపడితే, ఏ వేళైనా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ఎలా మారుతుందో చెప్పాలి. సరసం మాయమవదు, మాయమవాలని ఎవరూ కోరుకోరు. ముందు వెనకనుంచి తెలుస్తుంది: నిన్న పార్టీలో అలా ఎందుకు చేశానో ఇవాళ పొద్దున అర్థమైంది అంటారు. కొన్ని వారాలకు మధ్యలో తెలుస్తుంది: నవ్వుతూ ఉండగానే, ఓహో, ఇందాక అమ్మ ఫోన్ అని తడుతుంది. తర్వాతెప్పుడో ముందే తెలుస్తుంది, అప్పుడు మనిషికి ఎంపిక ఉంటుంది. ఆడాలనుకుంటే ఆడవచ్చు, లేదంటే అమ్మకే మళ్లీ ఫోన్ చేయవచ్చు. మధ్య దశలో చాలామంది నీరసపడతారు. పాత మజా పోయింది, కొత్తది రాలేదు, పార్టీలో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదంటారు. కొందరు మానేసేది ఇక్కడే. ఇది రెండు మూడు నెలలు ఉండవచ్చని థెరపిస్టు ముందే చెప్పి ఉంచితే ఆ మానేయడం తగ్గుతుంది.

చివరి తేదీ కూడా ముందే పెట్టుకోవాలి. పదహారు సెషన్ల చికిత్సలో ఆఖరి మూడు నాలుగు ముగింపు గురించే మాట్లాడాలి. సరిగ్గా అప్పుడే పాత సరసం మళ్లీ పూర్తి బలంతో వస్తుంది. కొత్త పెర్‌ఫ్యూమ్, ‘ఇకనుంచి మనం ఫ్రెండ్స్ కదా మేడమ్’, ఫేస్‌బుక్ రిక్వెస్టు, స్వీటు డబ్బా. ఇద్దరూ బెంబేలెత్తి ఇన్నాళ్ల పనీ వృథా అయిందనుకుంటారు. రిక్వెస్టు అంగీకరించకుండా, డబ్బా పక్కన పెట్టి, తొమ్మిదో సెషన్‌లో చూసినదాన్నే మళ్లీ చూడాలి: ఇది ఎప్పుడు మొదలైంది? ఇంకా రెండు సెషన్లే ఉన్నాయని పోయిన మంగళవారం క్యాలెండర్ చూసుకున్నాక.